దిమ్మె మీద శిల్పి పేరుకు చోటు లేదా?

సంపాదకులు గారికి నమస్కారములు.

సర్దార్ పటేల్ విగ్రహ శిల్పి రామ్ సుతార్ గారు 2025 డిసెంబరులో నూరేళ్లు నిండిన వయసులో నోయిడాలో కన్నుమూసినప్పుడు తెలుగు పత్రికలు ఆయనకు తగిన నివాళే అర్పించాయి. అదే వారంలో ఒక జిల్లా పేజీలో, ఒక మండల కేంద్రంలో జరిగిన విగ్రహావిష్కరణ వార్తను కూడా చదివాను. ఆవిష్కరించిన వారు, సభకు అధ్యక్షత వహించిన వారు, దిమ్మెకు సిమెంటు ఇచ్చిన వారు, దండలు తెచ్చిన వారు, వందన సమర్పణ చేసిన వారు అందరూ కలిపి పదిహేడు పేర్లు లెక్కకు వచ్చాయి. విగ్రహం చేసినవాడి పేరు మాత్రం అందులో లేదు. ఆ విగ్రహం చేసినవాణ్ణి నేనే కనుక ఆ లోటు నా కంటికి పడిందని ఎవరైనా అంటే కాదనను. అయితే ఈ ఉత్తరం నా ఒక్కడి బాధ చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. ఆర్డరు మీద మనుషుల విగ్రహాలూ జంతువుల విగ్రహాలూ చేసి బతికే శిల్పులు మన రెండు రాష్ట్రాల్లో ఊరూరా ఉన్నారు. వారి జీవితకాలపు పనికి దిమ్మె మీది ఒక్క పంక్తి తప్ప వేరే దాఖలా ఉండదు. ఆ పంక్తే చాలా చోట్ల లేదు.

సుతార్ గారి జీవితాన్నే చూడండి. సుతార్ అంటే మరాఠీలో వడ్రంగి. మహారాష్ట్రలోని ధూలే జిల్లా గోందూర్‌లో 1925లో ఒక వడ్రంగి ఇంట పుట్టి, ఊరి గురువు ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరి, 1953లో మేయో బంగారు పతకం అందుకున్న మనిషి ఆయన. ఆ తర్వాత కొన్నేళ్లు పురావస్తు శాఖలో ఉండి అజంతా, ఎల్లోరా శిల్పాల పునరుద్ధరణ పని చేశారు, ఢిల్లీలో కేంద్ర సమాచార ప్రసార శాఖలో ఉద్యోగంలో చేరారు, 1959లో ఆ ఉద్యోగాన్ని వదులుకుని పూర్తిగా విగ్రహాల పనినే నమ్ముకున్నారు. నెల జీతం వదిలి ఆర్డర్ల మీద బతకడానికి సిద్ధపడటమంటే ఏమిటో నా వృత్తిలో ఉన్నవారికి విడమరచి చెప్పనక్కర లేదు. గాంధీసాగర్ ఆనకట్ట దగ్గర మధ్యప్రదేశ్, రాజస్థాన్ అనే ఇద్దరు బిడ్డలతో నిలబడిన 45 అడుగుల చంబల్ మాతతో ఆయన పేరు పనివారిలో పాకింది. పార్లమెంటు ఆవరణలో ధ్యానముద్రలో కూర్చున్న గాంధీ ఆయన చేసినదే. కురుక్షేత్రంలో బ్రహ్మసరోవరం ఒడ్డున కృష్ణార్జునుల రథాన్ని లాగుతున్న నాలుగు గుర్రాలు, అమృత్‌సర్‌లో మహారాజా రంజిత్ సింగ్ ఎక్కిన గుర్రం కూడా ఆయన చేతి పనే. హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహానికి రూపకల్పన చేసింది ఆయనా, ఆయన కుమారుడు అనిల్ గారూ. ఇంత పని చేసిన మనిషి పేరు మన తెలుగువారిలో చాలామంది మొదటిసారి విన్నది 2018 అక్టోబరు 31న సర్దార్ విగ్రహం ముసుగు తొలగిన తర్వాతేనని నా అనుభవం. అప్పటికి ఆయనకు 93 ఏళ్లు. ప్రపంచంలోకెల్లా ఎత్తయిన 182 మీటర్ల విగ్రహం చేస్తే గాని పేరు బయటికి రాకపోతే, మండల కేంద్రాల్లో ఆరడుగుల విగ్రహాలు చేసే మా గతి ఏమిటో మీరే ఊహించవచ్చు.

నేను గుంటూరు జిల్లాలో 37 ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. మా నాన్నగారు గుళ్లకు ఉత్సవ వాహనాలు చెక్కేవారు. గజవాహనం, అశ్వవాహనం, హంస, సింహం, శేషుడు, ఇవే నాకు మొదటి జంతుశాస్త్ర పాఠాలు. వాహనాల గుర్రానికి శాస్త్రం ఒకటి, ఊళ్లో జట్కాకు కట్టిన గుర్రానికి శాస్త్రం ఇంకొకటి అని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. చిన్నప్పుడు రైల్వే స్టేషను ముందు జట్కా స్టాండులో గంటల కొద్దీ నిలబడి గుర్రాల కాళ్లు చూసేవాణ్ణి. గుర్రం వెనుక కాలిలో వెనక్కి వంగినట్లు కనిపించే కీలును అందరూ మోకాలు అనుకుంటారు. అది మోకాలు కాదు, మన మడమతో సమానం. అసలు మోకాలు పైన, పొట్టకు ఆనుకుని దాదాపు కనిపించకుండా ఉంటుంది. ముందుకాలిలో మనం మోకాలనేది మన మణికట్టుతో సమానం. ఈ ఒక్క సంగతి తెలియక ఎందరో శిల్పులు గుర్రానికి మనిషి కాళ్లు పెట్టి, దాని మీద మహావీరుడిని కూర్చోబెట్టారు. నాయకుడి ముఖంలో పోలిక తప్పితే దండల చాటున, రంగు చాటున కొంత దాచవచ్చు. జంతువుకు ఆ వెసులుబాటు లేదు. కాలు తప్పుపడితే ఆ దారిన పోయే గొర్రెల కాపరి కూడా ఆగి నవ్వుతాడు. శిల్పి పనితనం చూడాలంటే వీరుడి మీసాన్ని వదిలి ముందు ఆయన గుర్రాన్ని చూడమని నేను ఎప్పుడూ చెబుతుంటాను.

ఆర్డరు మీద విగ్రహం చేయడమంటే ఏమిటో పాఠకులకు ఒకసారి చెప్పడం అవసరం. కమిటీ వారు వస్తారు. సాధారణంగా జయంతికో వర్ధంతికో నలభై రోజుల ముందు వస్తారు. చేతిలో ఒక పాస్‌పోర్టు సైజు ఫోటో ఉంటుంది. అది ఎదురుగా ఫ్లాషు పడి ముక్కు చదునైపోయిన ఫోటో, లేదా స్టూడియో వారు ముడతలన్నీ తుడిచేసిన ఫోటో. మనిషికి వెనుక మెడ ఎలా ఉండేదో, చెవులు తలకు అంటుకుని ఉండేవో విచ్చుకుని ఉండేవో అందులో తెలియదు. చెవుల కోసం నేను ఆ కుటుంబంలో కొడుకునో తమ్ముణ్ణో ఒక పూట పక్కకు తిప్పి కూర్చోబెట్టుకుంటాను, ఎందుకంటే చెవులు చాలా కుటుంబాల్లో తరం నుంచి తరానికి అలాగే దిగుతాయి. ఆ తర్వాత ఇనుప చువ్వలతో ఆర్మేచర్, అంటే మట్టిని మోసే లోపలి చట్రం కట్టడం, దాని మీద బంకమట్టి ఎక్కించడం, రాత్రిళ్లు ఎండిపోకుండా తడిగుడ్డలు చుట్టడం, కమిటీ వారు వచ్చి చూసి ఒప్పుకున్నాక ప్లాస్టర్ అచ్చు తీయడం, ఆ అచ్చు నుంచి ఫైబర్‌లోనో, మైనంలోకి మార్చి కంచులోనో పోత పోయడం ఉంటాయి. విగ్రహం పది అడుగుల దిమ్మె మీదికి ఎక్కుతుంది కనుక చూసేవారికి కిందనుంచి గడ్డమూ ముక్కు రంధ్రాలూ ముందు కనిపిస్తాయి. అందుకని తలను కొలతకన్నా కాస్త పెద్దదిగా, కాస్త ముందుకు వంచి చేయాలి. షెడ్డులో ఎదురెదురుగా నిలబడి చూసిన కమిటీ సభ్యుడికి అది వంకరగా కనిపిస్తుంది, సరిచేయమంటాడు. సరిచేస్తే దిమ్మె మీద ఆకాశం చూస్తున్నట్లు ఉంటుంది. ఈ వాదనలో నేను గెలిచిన సందర్భాలకన్నా ఓడిన సందర్భాలే ఎక్కువ.

కంచు అనగానే కమిటీలు ఖర్చు చూసి వెనకడుగు వేస్తాయి. ఫైబర్ చేసి కంచు రంగు వేయమంటారు. చేస్తాం, చేయక తప్పదు. కొన్ని వేసవులు తిరిగేసరికి ఎండకు ఆ రంగు వెలిసి, అంచులు పగిలి, నాయకుడు వెల్లవేసిన గోడలా తయారవుతాడు. సిమెంటుదైతే లోపలి చువ్వలు తుప్పు పట్టి ఉబ్బి, వేళ్లు ముందుగా విరిగిపోతాయి. అప్పుడు మాత్రం ఇది చేసింది ఎవరురా అని ఊరంతా అడుగుతుంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. మూడు వాయిదాలు మామూలు. మొదటిది బయానా, రెండోది మట్టి నమూనా ఒప్పుకున్నప్పుడు, మూడోది విగ్రహం దిమ్మె ఎక్కిన తర్వాత. ముసుగు తొలగించిన సాయంత్రం నుంచి శిల్పితో ఎవరికీ పని ఉండదు కనుక ఆ మూడోది రావడమే కష్టం. ఒక ఊరి కమిటీ దగ్గర నుంచి నాకు రావలసిన చివరి వాయిదా రెండేళ్లకు వచ్చింది, అదీ ఎన్నికలు దగ్గరపడి ఆ విగ్రహానికి మళ్లీ రంగు వేయించాల్సిన అవసరం పడినప్పుడు.

ఇప్పుడు చెన్నైలో ఉన్న ఒక పాత విగ్రహం గురించి చెప్పాలి. అది మన రాయలసీమకు బాగా దగ్గరి మనిషిది. 1800లో దత్తమండలాల కలెక్టరుగా వచ్చి, తర్వాత మద్రాసు గవర్నరై, 1827 జులైలో కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో గుర్రపు విగ్రహం అది. ఆయన మీద అభిమానం ఉన్నవారు చందాలు వేసుకుని లండన్‌లోని ఫ్రాన్సిస్ చాంట్రీ అనే శిల్పికి ఆ పని అప్పగించారు. విగ్రహం మద్రాసులో నిలబడింది 1839లో. మనిషి పోయిన పన్నెండేళ్లకు. పన్నెండేళ్లు కాకపోయినా పన్నెండు నెలలైనా ఇవ్వండని నేను ఎన్నో కమిటీలను బతిమాలుకున్నాను.

ఆ గుర్రానికి జీను లేదు, రౌతు కాళ్లు పెట్టుకునే రికాబులు లేవు. శిల్పి మరచిపోయాడని, తన తప్పు తెలిసి ప్రాణం తీసుకున్నాడని మద్రాసులో ఒక కథ ఉంది. చాంట్రీ మరచిపోలేదు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆయనే చేసిన నాలుగో జార్జి రాజు గుర్రానికీ, రాయల్ ఎక్స్ఛేంజ్ ముందున్న వెల్లింగ్టన్ డ్యూక్ గుర్రానికీ జీను, రికాబులు లేవు. ముగ్గురి కిందా ఉన్నది దాదాపు ఒకే గుర్రం, నాలుగు గిట్టలూ నేల మీద ఆనించి నిలబడిన గుర్రం. దీన్ని చూసి కొందరు పెదవి విరుస్తారు గాని నాకు మాత్రం ఎంతో ఆత్మీయంగా అనిపిస్తుంది. గుర్రం ఒకసారి బాగా కుదిరితే, ఆర్డరు ఇచ్చిన దొర మారినప్పుడల్లా కొత్త గుర్రాన్ని కనిపెట్టవలసిన పని లేదని ఆయనకు తెలుసు. మా షెడ్డుల్లో గాంధీ గారి అచ్చులు, అంబేడ్కర్ గారి అచ్చులు భద్రంగా దాచుకోవడం కూడా అలాంటి బతుకుతెరువు తెలివే. ముందుకాలు ఒకటి ఎత్తితే రౌతు గాయాలతో పోయాడనీ, రెండూ ఎత్తితే యుద్ధంలో పోయాడనీ చెప్పే లెక్క కూడా వట్టి పుకారే. కాళ్లు ఎన్ని నేల మీద ఉండాలో నిర్ణయించేది ముఖ్యంగా లోహం బరువు, దాన్ని మోసే ఉక్కు చువ్వ, శిల్పి ధైర్యం. రెండు కాళ్లు పైకెత్తిన గుర్రం నిలబడాలంటే మొత్తం బరువు వెనుక కాళ్ల మీదా, చాలాసార్లు తోక మీదా పడాలి. ఆ లెక్క తప్పితే గాలివానకు రౌతుతో సహా కూలుతుంది.

చాంట్రీ ఎవరో చెన్నైలో ఆసక్తి ఉన్నవారు ఈనాటికీ చెబుతారు. మద్రాసు ఆర్ట్స్ స్కూలుకు 1929 నుంచి 1957 వరకు ప్రిన్సిపాలుగా ఉన్న దేవీప్రసాద్ రాయ్ చౌధురీ మెరీనా తీరంలో నిలబెట్టిన శ్రామికుల విగ్రహం ముందు ఫోటోలు తీయించుకునే వారిలోనూ కొందరికి ఆయన పేరు తెలుసు. 2022 జులై 4న భీమవరంలో ప్రధానమంత్రి ఆవిష్కరించిన 30 అడుగుల అల్లూరి సీతారామరాజు కంచు విగ్రహం మనందరికీ గర్వకారణం. ఆవిష్కరించింది ఎవరో చిన్న పిల్లవాడు కూడా చెబుతాడు. చేసిన శిల్పి ఎవరని మీ కార్యాలయంలోనే ఒకసారి అడిగి చూడండి, ఎందరు చెప్పగలరో తెలుస్తుంది.

శిల్పి పేరు వేసుకోవడం మన సంప్రదాయం కాదని, పనివాడు పేరు కోరకూడదని ఒక పెద్దమనిషి నాకు సభలోనే హితవు చెప్పారు. ఆయన మీద గౌరవంతోనే కాదని అంటున్నాను. హొయసల గుళ్లలో శిల్పులు తాము చేసిన బొమ్మల కింద పేర్లు చెక్కుకున్నారు. మల్లితమ్మ అనే శిల్పి పేరు 13వ శతాబ్దపు గుళ్లలో ఎన్నో చోట్ల కనిపిస్తుంది. అంతదూరం కూడా అక్కర లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట గుడిని ఇవాళ మనం పిలుస్తున్నది కట్టించిన సేనాని పేరుతోనూ కాదు, రాజు గణపతిదేవుడి పేరుతోనూ కాదు, లోపలి రామలింగేశ్వరుడి పేరుతోనూ కాదు. జనం నోట అది రామప్ప గుడి, అంటే శిల్పి గుడి. 2021లో యునెస్కో జాబితాకు ఎక్కినప్పుడు ప్రపంచం నోట కూడా ఆ పేరే పడింది. అక్కడి నందిని చూసినవారికి నేను చెప్పేది అర్థమవుతుంది. చెవులు రిక్కించి, ఎవరో పిలిస్తే ఇప్పుడే లేచేటట్లు కూర్చుంటుంది. ఆ లేవబోయే భంగిమను రాతిలో పట్టుకున్న వాడి పేరు జనం 800 ఏళ్లు మోశారు. లేపాక్షిలో 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు ఉన్న ఏకశిలా బసవయ్యను చెక్కిన వాడి పేరు మాత్రం మనకు దక్కలేదు. ఆ నంది ముందు నిలబడ్డప్పుడల్లా నాకు మెడలోని గంటల సరాలకన్నా ఆ దక్కని పేరే ఎక్కువ గుర్తుకు వస్తుంది.

చట్టం కూడా మా వైపే ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షను ప్రకారం, కర్త తన కృతి మీద హక్కులన్నీ అమ్ముకున్నా సరే, ఇది నేను చేసినది అని చెప్పుకునే హక్కు అతనికి మిగిలే ఉంటుంది. శిల్పం ఆ చట్టం కిందికి వచ్చే కృతే. దీన్ని కోర్టులో గట్టిగా నిలబెట్టిన వాడు కూడా ఆర్డరు మీద పనిచేసిన శిల్పే. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం ప్రభుత్వం అమర్‌నాథ్ సెహగల్ గారిచేత పెద్ద కంచు కుడ్యశిల్పం చేయించుకుంది. 1979లో మరమ్మతుల పేరుతో దాన్ని ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన ఏళ్ల తరబడి పోరాడగా 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పాన్ని ఆయనకే తిరిగి ఇచ్చి, 5 లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. డబ్బిచ్చి చేయించుకున్నాం కనుక ఏమైనా చేస్తాం అనే మాట చెల్లదని ఆ తీర్పు తేల్చింది. మన ఊళ్లలో కమిటీలకు గాని, మునిసిపాలిటీలకు గాని ఈ సంగతి తెలిసినట్లు కనిపించదు. శిల్పులకే తెలియదు, ఇక వారిని ఏమనగలం.

రోడ్ల వెడల్పు మా పేర్లకు ఇంకో గండం. రోడ్ల మీదా ఫుట్‌పాత్‌ల మీదా కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. దానితో నాకు పేచీ లేదు, కూడలి మధ్యలో నిలబెట్టిన విగ్రహం ట్రాఫిక్‌కూ చేటు, విగ్రహానికీ చేటు. కాని పాత విగ్రహాన్ని పక్కకు జరిపినప్పుడు దిమ్మెను పగలగొడతారు. దానితో పాటు శిలాఫలకమూ పోతుంది. కొత్త దిమ్మె మీద కొత్త ఫలకం వస్తుంది, దాని మీద జరిపించిన వారి పేర్లు ఉంటాయి. నేను 1990లలో చేసిన ఒక స్వాతంత్ర్య సమరయోధుడి విగ్రహం ఇలా రెండుసార్లు చోటు మారింది. ఇప్పుడు దాని కింద ఉన్న రెండు ఫలకాలు చదివితే ఆ సమరయోధుడికన్నా ఆయన్ను మోసిన వారి చరిత్రే ఎక్కువ తెలుస్తుంది. ఇది చూశాకే నేను పేరును ఫలకం మీద కాకుండా మట్టిలోనే, విగ్రహం పాదాల పక్కన పీఠం అంచు మీద, చిన్న అక్షరాలతో చెక్కడం మొదలుపెట్టాను. అచ్చులో దిగి లోహంలోకి వస్తే దాన్ని ఎవరూ ఊడదీయలేరని నా ధైర్యం. ఒక చోట కమిటీ వారు, నాయకుడి పాదాల దగ్గర నీ పేరు ఏమిటని, ఆవిష్కరణకు ముందు రాత్రి దాని మీద సిమెంటు మెత్తి రంగు వేయించారు. ఆ పొర ఇంకా అలాగే ఉంది.

ఇన్నేళ్లలో ఎవరూ అడగకుండానే నా పేరు దిమ్మె మీద వేయించిన వారు ఒకరున్నారు. ఆయన పల్నాడులో ఒక రైతు. బండలాగుడు పోటీల్లో ఎన్నో బహుమతులు తెచ్చిన ఒంగోలు ఎద్దు చనిపోతే దాన్ని పూడ్చిన చేలగట్టున నిలువెత్తు విగ్రహం కావాలని వచ్చారు. ఫోటోలు తేలేదు. ఎద్దు బతికుండగా గిత్తల వ్యాపారి ఎవరో కొలిచిన తాడు తెచ్చారు, ఎత్తు దగ్గర ఒక ముడి, ఛాతీ చుట్టుకొలత దగ్గర ఒక ముడి. మట్టి నమూనా సిద్ధమయ్యాక కబురు పెడితే ఒక్కరే వచ్చారు. దూరంగా నిలబడి చూడలేదు. దగ్గరికి వచ్చి, కళ్లు మూసుకుని, తడి మట్టి మీద రెండు చేతులూ వేసి మెడ నుంచి మూపురం దాకా, మూపురం నుంచి గంగడోలు కిందిదాకా నెమ్మదిగా తడిమారు. "ఏందయ్యా, మూపురం నిటారుగా పెట్టావు? మావాడిది కుడిపక్కకి కాస్త ఒరిగుండేది," అన్నారు. ఆయన చేతులు తీయకముందే నేను వేళ్లతో ఆ మట్టిని ఒరిగించాను. మళ్లీ తడిమారు. "ఆఁ, ఇప్పుడు దాపటెద్దు," అని కండువాతో చేతులు తుడుచుకున్నారు. నా వృత్తి జీవితంలో అంత తక్కువ మాటలతో, అంత ఖచ్చితంగా పని చూసి ఒప్పుకున్న వారు ఇంకొకరు లేరు.

ఆయన మిగతా డబ్బు మిర్చి అమ్మిన రోజునే యార్డు నుంచి నేరుగా మా షెడ్డుకు వచ్చి ఇచ్చారు. దిమ్మె మీద ఎద్దు పేరు, అది గెలిచిన పోటీల ఊళ్లు, కింద "చేసినవారు" అని నా పేరు, మా ఊరు రాయించారు. రాసిన పెయింటరు నా పేరులో ఒక ఒత్తు వదిలేశాడు. దిద్దమని నేను అడగలేదు. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. మొదటి విగ్రహం నుంచి నిన్నటి దాకా చేసిన ప్రతి పనీ ఊరు, సంవత్సరం, ఎత్తు, లోహమో సిమెంటో అన్నీ అందులో రాసుకున్నాను. వాటిలో నా పేరు బయటికి చదవడానికి వీలుగా ఉన్నవి ఈ ఎద్దుతో కలిపి మూడే.

కనుక నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ప్రభుత్వ శాఖలు, మునిసిపాలిటీలు విగ్రహాలకు టెండర్లు పిలిచేటప్పుడు శిల్పి పేరు, పోత పోసిన చోటు, సంవత్సరం విగ్రహపు పీఠం మీదే పోతలో ఉండాలని ఒక షరతు చేర్చాలి. అన్నిటికన్నా తక్కువ పాట పాడినవాడికే పని అప్పగించే పద్ధతి రోడ్డు మీద గుంతలు పూడ్చడానికి సరిపోతుందేమో గాని, పోలిక తేవలసిన ముఖానికి సరిపోదు. టెండరు పాట దక్కించుకున్న కాంట్రాక్టరు పని ఇంకొకరికి అప్పగిస్తే, చేసిన ఆ రెండో మనిషి పేరే వేయాలి. ఇప్పుడు తరచుగా జరుగుతున్నది దీనికి తలకిందులు. నిలువెత్తు కంచు విగ్రహానికి కనీసం నాలుగు నెలల గడువు ఇవ్వాలి, మట్టి నమూనాను దిమ్మె ఎత్తులో పెట్టించి, కింద నిలబడి చూసి ఒప్పుకోవాలి. విగ్రహాన్ని చోటు మార్చినప్పుడు పాత ఫలకాన్ని పారేయకుండా కొత్త దిమ్మెలో పొదగాలి. విగ్రహ కమిటీలు కూడా ఈ మాటలను ఒప్పంద పత్రంలో చేర్చుకుంటే రేపటి తగాదాలు చాలా తప్పుతాయి.

నా తోటి శిల్పులకు కూడా ఒక మాట. పేరు చెక్కుకోవడానికి మొహమాటపడకండి. పని బాగుంటే మెచ్చుకునే వారికి మీ చిరునామా దొరుకుతుంది, బాగుండకపోతే ఊరికి నిలదీసే హక్కు దొరుకుతుంది. ఈ రెండోది కూడా న్యాయమే.

పత్రికల వారిని అడిగేది ఇంకా చిన్నది. ఆవిష్కరణ సభకు వెళ్లిన విలేకరి పదిహేడు పేర్లు రాసుకునే ఓపిక ఉన్నవాడే కదా. పద్దెనిమిదోదిగా, చేసింది ఎవరు అని ఒక్క ప్రశ్న అడగమనండి. ఎక్కువసార్లు ఆ మనిషి వేదిక మీద ఉండడు. క్రేను పక్కనో, దిమ్మె వెనుక బోల్టులు చివరిసారి బిగిస్తూనో కనిపిస్తాడు.

ప్రస్తుతం మా షెడ్డులో ఒక పాత పాఠశాల ప్రధానోపాధ్యాయుడి ఛాతీ విగ్రహం మట్టిలో ఉంది. ఆయన పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని కంచులో చేయించుకుంటున్నారు, ఐదు నెలల గడువు ఇచ్చారు, పీఠం మీద శిల్పి పేరు పోతలోనే ఉండాలనే షరతును వారే అడిగి ఒప్పందంలో రాయించారు. ఆవిష్కరణ తేదీ ఖరారు కాగానే మీ స్థానిక విలేకరికి తెలియజేస్తాను. మరునాటి వార్తలో ఎన్ని పేర్లు వస్తాయో, వాటిలో నాది ఉంటుందో లేదో చూస్తాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక విగ్రహ శిల్పి,
గుంటూరు జిల్లా